నోటిఫికేషన్ల నిరీక్షణ: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

శ్రోత: జగిత్యాల నుంచండీ. మా అబ్బాయి గురించి...

వ్యాఖ్యాత: మీ రేడియో శబ్దం కాస్త తగ్గించండమ్మా. ఆఁ, ఇప్పుడు చెప్పండి. ఆర్థికశాస్త్రం అధ్యాపకులు మన స్టూడియోలోనే ఉన్నారు.

శ్రోత: వాడికి 29 ఏళ్లు సార్. 2018లో బీటెక్ అయింది. చిన్న కంపెనీలో కొన్నాళ్లు చేసి మానేశాడు. 2022లో గ్రూప్-1 సర్కారు కొలువుల నోటిఫికేషన్ పడగానే, కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ వెళ్లాడు. ఇప్పటికీ అక్కడే. వాడు సోమరి అంటారు మా ఆయన.

అతిథి: ఆయన్ను తప్పు పట్టను గానీ, జరిగింది ఒకసారి చూడండి. ఆ ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే దాదాపు 3.8 లక్షల మంది దరఖాస్తు చేశారు. అక్టోబరులో ప్రిలిమ్స్, అంటే తొలి వడపోత పరీక్ష పెట్టారు, పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టారు, హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే ఉపసంహరించి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. ఆ జూన్‌లో ప్రిలిమ్స్ మూడోసారి. ఇందులో మీవాడి సోమరితనం ఎక్కడుంది?

శ్రోత: మరి ఊళ్లో అందరికీ ఏదో ఒక పని ఉంది కదా సార్?

అతిథి: మంచి ప్రశ్న. 2023-24 కేంద్ర సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో నిరుద్యోగం 3.2 శాతమే. 15 నుంచి 29 ఏళ్లవారిలో మాత్రం 10.2. కూలికి వెళ్లకపోతే పొయ్యి వెలగని ఇంట్లో ఎవరూ ఖాళీగా కూర్చోలేరు, ఎంత ఇచ్చినా వెళ్తారు. ఇంటి పొలంలో జీతం లేకుండా చేసినా ఆ లెక్కలో పని ఉన్నట్టే. డిగ్రీ ఉండి, ఇంటి నుంచి డబ్బు వచ్చేవాడే ఆగగలడు. చిన్న కంపెనీ జీతం ఏళ్లు గడిచినా పెరగదు, సర్కారు కొలువుకు భద్రత ఉంది. పెళ్లి సంబంధాల్లో దాని ధర వేరే చెప్పాలా!

వ్యాఖ్యాత: కట్నాల సంగతి ఎత్తితే ఈ గంట చాలదు సార్.

అతిథి: నిజమే. కానీ ఆగినకొద్దీ చదివిన కోడింగ్ పాతబడుతుంది. తర్వాత ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా ఇన్నేళ్లు ఏం చేశావని అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి మళ్లీ కోచింగ్‌లోనే ఉండిపోతారు. ఇంటికి వస్తుంటాడా?

శ్రోత: దసరాకు కూడా రాలేదు సార్. చుట్టాలు అడుగుతారని. చీటీ ఎత్తి డబ్బు పంపుతున్నాం, ఆ సంగతి వాడికి తెలియదు.

అతిథి: తెలియాలమ్మా. ఇంకా ఎన్ని నెలలు పంపగలరో అంకెతో చెప్పండి. 2024 గ్రూప్-1 నోటిఫికేషన్‌లో 46 ఏళ్ల వరకు అవకాశం ఇచ్చారు, అందుకే ఎప్పుడు ఆపాలో తోచదు. బ్యాంకు ఆఫీసర్ల పరీక్ష ఐబీపీఎస్ పీఓకు జనరల్ అభ్యర్థులైతే 30 ఏళ్లే, ఓబీసీలకు 33. ముందు మూసుకుపోయేది ముందు రాయాలి. రోజూ ఒక పూట ట్యూషన్ చెప్పినా హాస్టల్ ఖర్చులో కొంత వస్తుంది, చదువు ఆగదు.

శ్రోత: ఫోన్‌లో చెప్పమంటారా?

అతిథి: వద్దు. మీరూ మీ ఆయనా వెళ్లండి. సోమరి అన్న మాట మాత్రం అక్కడ రానీయకండి.

వ్యాఖ్యాత: సరేనమ్మా, ఉంటాం. వరంగల్ నుంచి మరొకరు లైన్లో ఉన్నారు. నమస్కారం, చెప్పండి.