ఒక్క ఎత్తు, ఒకే వైపు

సభాధ్యక్షులకు, కోచ్ గారికి, ఎండలో కూర్చున్న ఆటగాళ్లకు నమస్కారం. బ్రెజిల్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడమన్నారు. అంటే పీలే గురించి అని నాకు అర్థమైంది. కానీ పీలే గురించి చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. నేను ఆయనతో కలిసి బ్రెజిల్‌కు ఆడిన గరించా గురించి చెబుతాను.

1933లో రియో దగ్గర పావు గ్రాంజీ అనే మిల్లు ఊళ్లో పుట్టాడు. గరించా అంటే ఒక చిన్న పిట్ట. ఒక కాలు లోపలికి, ఒకటి బయటికి వంగి ఉండేవి. పైగా ఒకటి పొట్టి. "ఆ కాళ్ల వల్లే డ్రిబ్లింగ్, అంటే బంతితో ఎదుటివాణ్ని తప్పించుకుపోవడం, వచ్చింది" అని తేల్చేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. కాళ్లు వంకరైతే ఆట వస్తుందా!

ఆయన దగ్గర ఉన్నది దాదాపు ఒకే ఎత్తు. కుడి వింగులో, అంటే మైదానం కుడి అంచున, టచ్‌లైను అనే పక్క గీత దగ్గర బంతి అందుకుని ఆపేస్తాడు. పూర్తిగా ఆపేస్తాడు, ఇది గుర్తుంచుకోండి. ఎదురుగా ఉన్న డిఫెండరు కూడా ఆగక తప్పదు. అప్పుడు ఒళ్లంతా ఎడమకు వాలుస్తాడు, బంతిని మాత్రం కదపడు. డిఫెండరు బరువు తన కుడికాలి మీదికి వెళుతుంది. ఆ క్షణంలో బంతిని కుడిపాదం బయటి అంచుతో కుడికి తోసి, లైను వెంబడి పరుగు. బరువు మళ్లీ ఎడమకాలి మీదికి వచ్చేదాకా డిఫెండరు తిరగలేడు.

కుడికే వెళతాడని అందరికీ తెలుసు. తెలిసీ ఆపలేరు! 1958 ప్రపంచకప్ ఫైనల్లో స్వీడన్ మీద జట్టులోని వవా కొట్టిన రెండు గోల్సూ, 9వ నిమిషంలోదీ 32వ నిమిషంలోదీ, గరించా ఇలా గోలు లైను దాకా పోయి గోలు ముందుకు వేసిన బంతులతో వచ్చినవే.

మన పిల్లలు చేస్తే ఎందుకు కుదరదు? పరిగెడుతూ వాలుతారు. అప్పుడు డిఫెండరూ పరుగులోనే ఉంటాడు, ఏమారడు. లేదా బంతి పాదానికి దూరంగా ఉంటుంది, వాలినా ఎవరూ నమ్మరు. లేదా గట్టిగా తోసి బయటికి పంపేస్తారు.

ఏం చెబుతున్నాను? ఆ, 1962 ప్రపంచకప్. చిలీలో రెండో మ్యాచ్‌లోనే పీలే గాయపడ్డాడు. క్వార్టర్స్‌లో ఇంగ్లండ్ మీద గరించా రెండు గోల్సు, సెమీస్‌లో చిలీ మీద ఇంకో రెండు. కప్పు వచ్చింది. ఆయనా పీలే కలిసి ఆడిన ఏ మ్యాచ్‌లోనూ బ్రెజిల్ ఓడలేదు. అరవై మ్యాచ్‌లు ఆడితే ఆయన చూసిన ఓటమి ఒక్కటే, 1966లో హంగరీ చేతిలో. ఆ రోజు పీలే లేడు.

అప్పటికే గరించా మోకాళ్లు అరిగిపోయాయి. ఆగడం, వాలడం, మెలి తిరగడం, బరువంతా అక్కడే కదా పడేది. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్లు చేసి ఆడించారు. జీతం అంకె రాయని కాంట్రాక్టు కాగితాల మీద సంతకాలు పెట్టేవాడు. అయ్యా, ఇక్కడ క్లబ్బు కార్యదర్శులు కూర్చున్నారు, మీకే చెబుతున్నాను! మోకాలు వాచిన పిల్లాడిని ఫైనల్ ఉందని దించకండి.

1983 జనవరిలో, 49 ఏళ్లకే పోయాడు. తాగుడు చంపింది. భౌతికకాయాన్ని రియోలోని మరకానా స్టేడియంలో ఉంచి, అక్కడినుంచి సొంతూరివైపు తీసుకెళుతుంటే దారి పొడవునా జనం. సమాధి మీద "జనం ఆనందం" అని రాశారు.

సమయం అయిందని చీటీ వచ్చింది. కుడి వింగు ఆడేవాళ్లు నాతో గ్రౌండులోకి రండి. ముందు బంతిని ఆపడం చూద్దాం.