రెప్ప వాలితే తోలు కోస్తే చాలా?

నమస్తే. "కంటి మీద తోలు వదులైంది, కాస్త కోసేస్తే అయిపోతది." రెప్ప వాలినవాళ్లకు ఈ సలహా ఇచ్చేవాళ్లు వాడకొకరు ఉంటారు. మా మేనత్తకూ ఇచ్చారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

హన్మకొండ చౌరస్తాలో ఒక దుకాణం అనుకోండి. పొద్దున పది దాటినా లోపల చీకటే. ముందు కట్టిన పట్టా జారి గుమ్మానికి అడ్డం పడి ఉండొచ్చు. లేదా షట్టరే సగంలో ఆగి ఉండొచ్చు. షట్టర్ ఆగితే పట్టా కత్తిరించి ఏం లాభం? వదులైన తోలు పట్టా. రెప్ప అంచే కనుపాప మీదికి దిగితే అది షట్టర్ కథ, దాని పేరు టోసిస్. కొందరికి రెండూ ఉంటాయి.

మరి షట్టర్ ఎందుకు ఆగింది? లాగే మనిషి లెవేటర్ కండరం. అతని చేతిలోని గొలుసు, కండరాన్ని రెప్పకు పట్టి ఉంచే పలచటి పొర. పెద్దవయసులో ఎక్కువగా సాగిపోయేది గొలుసే. పుట్టుకతో వచ్చిన పిల్లల్లో సాధారణంగా మనిషికే బలం ఉండదు.

డాక్టర్ మా అత్త కనుబొమ్మను బొటనవేలితో నొక్కిపట్టి, "కిందికి చూడమ్మా, ఇప్పుడు పైకి" అన్నారు. రెప్ప ఎంత లేచిందో స్కేలుతో కొలిచారు. బొమ్మ నొక్కడం ఎందుకంటే, ఇన్నేళ్లూ అత్త నుదుటితోనే షట్టర్ లేపుతోంది! 10 మిల్లీమీటర్లు దాటితే మనిషి గట్టివాడే, గొలుసు బిగిస్తే చాలు. 4 లోపైతే రెప్పను నుదుటి కండరానికి కడతారు. అంటే పక్క దుకాణపాయనతో షట్టర్ లేపించడమన్నమాట.

పెద్దవాళ్లకు ఈ ఆపరేషన్ చాలావరకు రెప్ప దగ్గర మత్తు సూది వేసి చేస్తారు. మధ్యలో కళ్లు తెరిపించి ఎత్తు చూసుకుంటారు. తమాషా ఏంటంటే, ఒక రెప్ప లేపాక రెండోది కాస్త దిగొచ్చు. మెదడు రెండింటికీ ఒకే ఆర్డర్ ఇస్తుంది మరి.

ఒక్క మాట. రెప్ప ఉన్నట్టుండి వాలి, తలనొప్పి వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా అది ఎమర్జెన్సీ. పొద్దున బాగుండి సాయంత్రానికి వాలుతుంటే మయస్తీనియా, అంటే కండరాలు తొందరగా అలసిపోయే జబ్బు ఉందేమో చూపించుకోవాలి. పసిపిల్లలకు కనుపాప మూసుకుపోతే "పెద్దయ్యాక చూద్దాం" అనొద్దు, ఆ కంటికి చూపు ఎదగదు.

టైమైపోతోంది, గబగబా చెప్తా. ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు రోజులు ఐసు, తలకింద ఎత్తు. కుట్లు వారానికి అటూఇటూగా తీస్తారు. వాపు, కమిలిన నలుపు రెండు వారాల దాకా ఉంటాయి. బరువులు ఎత్తొద్దు, కన్ను నలపొద్దు. అత్తేమో నాలుగో రోజే మిర్చి బస్తాల వెంట ఏనుమాముల మార్కెట్‌కు పోతానంది! రాత్రి రెప్ప పూర్తిగా మూతపడకపోవచ్చు, అందుకే చుక్కలు, ఆయింట్‌మెంట్. చూపు తగ్గినా, నొప్పి ఎక్కువైనా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. రెప్ప ఎత్తు కుదురుకోవడానికి రెండు మూడు నెలలు.

మూడో వారం అత్త మంచం మీద కూర్చుని, నుదురు ముడవకుండా పైకి చూసింది. "దూలాలకు ఇంత బూజు పట్టింది, ఒక్కలు కూడా దులుపలేదా?"