చెప్పాననుకున్న మాట

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో జంటలుగా వచ్చినవాళ్లే ఎక్కువ కనిపిస్తున్నారు. ఇద్దరూ తుపాకి పట్టేవాళ్లు కొందరు, ఒకరు వేటకెళ్తే ఇంకొకరు ఇంట్లో ఎదురుచూసేవాళ్లు కొందరు. చట్టం ఒప్పుకున్న చోట, లైసెన్సు తీసుకుని, సీజన్ పాటించి వేటాడేవాళ్ల గురించే ఇవాళ మాట్లాడతాను. గురి ఎలా పెట్టాలో నేర్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. నేను మాత్రం భార్యాభర్తల మధ్య అడవిలో నడిచే మాటల గురించి, నోట్లోనే ఉండిపోయే మాటల గురించి చెప్పాలని వచ్చాను.

మా కథతోనే మొదలుపెడతాను. మా పెళ్లయిన తొమ్మిదో ఏడు, సీజన్ చివరి వారం. తెల్లవారకముందే కొండవాలు మీద ఇద్దరం విడిపోయాం. ఆయన పైన గట్టు వెంబడి, నేను పక్కనున్న చెట్ల మధ్య. విడిపోయే ముందు ఆయన గుసగుసగా "చీకటి పడ్డాక కింద కలుద్దాం" అన్నారు. నేను "సరే" అన్నాను. నా లెక్కలో కింద అంటే వాగు. పొద్దున కూర్చుని బూట్లు బిగించుకున్నది అక్కడే. ఆయన లెక్కలో కింద అంటే బండి ఆపిన చోటు. రెంటికీ మధ్య నడక నలభై నిమిషాలు.

చీకటి పడ్డాక వాగు దగ్గర గంటన్నర నిలబడ్డాను. ఫోనుకు సిగ్నల్ లేదు. ఆయన బండి దగ్గర గంటసేపు చూసి, నాకేదో అయిందని టెన్షన్ పడి, టార్చి పట్టుకుని పొద్దున విడిపోయిన చోటికి ఎక్కారు. అదే సమయంలో నేను వేరే బాటలో బండి దగ్గరికి చేరాను. బండి ఉంది, మనిషి లేడు. మళ్లీ కలుసుకునేసరికి రాత్రి పదకొండు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఇంటికి వెళ్లే దారి పొడవునా ఒకటే గొడవ. "చెప్పాను కదా" అని ఆయన. "ఎక్కడ చెప్పారు?" అని నేను. నిజానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు.

చాలా రోజులు నన్ను వేధించిన విషయం ఒకటుంది. ఆ పొద్దున నా పక్కన ముక్కూమొహం తెలియని మనిషి ఉండి "కింద కలుద్దాం" అంటే, "కింద అంటే ఎక్కడండీ?" అని తప్పకుండా అడిగేదాన్ని. మా ఆయన కాబట్టి అడగాలని తోచనే లేదు. తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి మాట నాకు అర్థం కాకపోవడమేంటి అనుకున్నాను.

ఇది నా ఒక్కదాని లోపమే అనుకునేదాన్ని. తర్వాత ఒక పరిశోధన గురించి చదివాను. కెన్నెత్ సావిట్‌స్కీ, బోజ్ కైసర్, నికొలస్ ఎప్లీ, మరికొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి 2011లో ప్రచురించారు. రెండు మూడు అర్థాలు వచ్చే వాక్యాలను మనుషుల చేత పలికించి, వినేవాళ్లు అసలు అర్థం పట్టుకోగలరా అని చూశారు. జీవిత భాగస్వామి చెప్పినా, పరిచయం లేనివాళ్లు చెప్పినా అర్థమైనది దాదాపు ఒకటే. కానీ మాట్లాడేవాళ్లు మాత్రం తమ భార్యకో భర్తకో అసలుకంటే ఎంతో ఎక్కువ అర్థమైందని నమ్మారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే ఆమె 1990లో చేసిన ప్రయోగం కూడా ఇక్కడే గుర్తొస్తుంది. అందరికీ తెలిసిన పాటల దరువును వేళ్లతో బల్లమీద కొట్టించి, ఎదుటివాళ్లను పాట కనుక్కోమన్నారు. కొట్టినవాళ్లు సగం పాటలైనా కనుక్కుంటారనుకున్నారు. 120 పాటల్లో కనుక్కున్నవి 3. కొట్టేవాడి మనసులో పాట పూర్తిగా మోగుతోంది. వినేవాడికి బల్ల చప్పుడే వినిపిస్తోంది. ఆ రోజు నా చెవిన పడిన "కింద" అలాంటి చప్పుడే.

ఇంట్లో ఉన్నప్పుడు ఇలాంటి పొరపాట్లు వెంటనే సర్దుకుంటాయి. ఎదుటివాళ్ల మొహం చూస్తాం, మళ్లీ అడుగుతాం, పక్కగదిలోంచి కేకేస్తాం. వేటలో వీటిలో ఏదీ కుదరదు. గంటల తరబడి నోరు మెదపకూడదు. తెల్లవారుజాము మసకలో మొహం కనపడదు. అరచెయ్యి పైకెత్తితే "ఆగు" అనా, "అదిగో జింక" అనా, "నేనిక్కడున్నా" అనా? మేం చాలా ఏళ్లు ఆ సైగకు పేరే పెట్టుకోలేదు.

గుసగుస గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇందులో మన భాషకు సంబంధించిన చిక్కు ఒకటుంది. గుసగుసగా మాట్లాడేటప్పుడు గొంతులోని స్వరతంతువులు కంపించవు. అందుకే గుసగుసలో శ్రుతి ఉండదు. మామూలు మాటలో ప్రేమా విసుగూ తెలిసేది చాలావరకు ఆ శ్రుతి ఎత్తుపల్లాల వల్లే. అది లేకపోయేసరికి "కొంచెం పక్కకు జరుగు" అన్నది కూడా కసురుకున్నట్టే వినిపిస్తుంది. మాటులో కూర్చుని ఆయన నన్ను కసిరారని నేను మధ్యాహ్నం దాకా మూతి ముడుచుకున్న రోజులున్నాయి. ఆయన కసరలేదు.

ఇంతకన్నా ప్రమాదమైనది ఇంకొకటి. తెలుగులో "వద్దు" అనే అర్థం మాట చివర వస్తుంది. కదులు, కదలకు. లే, లేవకు. కాల్చు, కాల్చకు. అంత పెద్ద తేడా ఆ చివరి "కు" మీద నిలబడి ఉంది. గుసగుసలో, గాలిలో మొదట మాయమయ్యేది మాట తోకే. ఒకసారి ఆయన "కదలకు" అన్నారు, నేను "కదులు" అని విన్నాను. లేచాను. జింక పారిపోయింది, అంతే. కానీ అది "కాల్చకు" అయ్యుంటే? ఆ ఆలోచన నన్ను నిద్రపోనివ్వలేదు. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య తుపాకి పట్టుకున్నప్పుడు "కు"తో ముగిసే మాట లేదు. వద్దు అనాల్సిన ప్రతిచోటా "ఆగు" అంటాం. ఆ మాట వింటే వేలు ట్రిగ్గర్ మీదనుంచి పక్కకు వస్తుంది. కారణాలు తర్వాత మాట్లాడుకుంటాం.

ఇంకో మాట "సరే". దాన్ని ఎన్ని రకాలుగా వాడతామో ఆలోచించండి. విన్నాను అంటే సరే. ఒప్పుకున్నాను అంటే సరే. ఇక ఆపు మహానుభావా అన్నా సరే. 1977 మార్చి 27న టెనరీఫ్ ద్వీపంలోని విమానాశ్రయంలో, పొగమంచులో, రెండు పెద్ద విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానం నుంచి "ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం" అన్న అర్థం వచ్చే మాట వచ్చింది. కంట్రోల్ టవర్ ముందు "ఓకే" అంది. ఆ తర్వాత ఆగమనీ, తాను పిలుస్తాననీ చెప్పింది. సరిగ్గా అదే క్షణంలో రెండో విమానం కూడా రేడియోలో మాట్లాడటంతో, బయల్దేరుతున్న విమానంలోని వాళ్లకు స్పష్టంగా వినిపించింది ఆ "ఓకే" ఒక్కటే. మిగతాదంతా కీచుమన్న శబ్దంలో కలిసిపోయింది. ఆ ప్రమాదం తర్వాత విమానాల భాషను బిగించారు. పైలట్ ఓకే అని ఊరుకోకూడదు, విన్న ఆదేశాన్ని తిరిగి చెప్పాలి. అంతంత శిక్షణ ఉన్నవాళ్లకే అది అవసరమైంది. చలిలో, నిద్ర చాలక, భుజాన తుపాకితో ఉన్న ఇద్దరు భార్యాభర్తలకు అవసరం లేదని నేనెలా అనుకుంటాను?

ఇక ప్రాణాల మీదికి తెచ్చే విషయం, చెప్పకుండా చోటు మారడం. ఇద్దరు విడివిడిగా మాటు వేసినప్పుడు ఎవరు ఏ దిక్కున కాల్చవచ్చో ముందే పంచుకుంటారు. ఆ పంపకమంతా ఒక్క నమ్మకం మీద ఆధారపడింది, ఆమె అక్కడే ఉంది, ఆయన అక్కడే ఉన్నాడు అని. ఆమెకు కాళ్లు తిమ్మిరెక్కి యాభై అడుగులు పక్కకు జరిగిందనుకోండి, ఆయన మనసులోని పటంలో ఆమె ఇంకా పాత చెట్టు కిందే ఉంటుంది. ఎండెక్కిందని నారింజ జాకెట్ విప్పి సంచిలో పెట్టడమూ అంతే. జింక కంటికి నారింజ రంగు అంత తేడాగా కనపడదు. మనిషి కంటికి మాత్రం దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందుకే ఆ రంగు ఎంచుకున్నారు. అది తీసేస్తే మీరు మాయమైనది జింకకు కాదు, మీ మనిషికి.

చప్పుడు విని బాణం వేసిన దశరథుడి కథ మనందరికీ తెలుసు. గ్రీకు పురాణాల్లో అలాంటిదే ఒక జంట కథ ఉంది. కెఫలస్ వేటగాడు, అతని భార్య ప్రోక్రిస్. గురి తప్పని ఈటెను భర్తకు ఇచ్చింది ఆమే. వేటలో అలసిపోయినప్పుడు అతను నీడన పడుకుని చల్లగాలిని "ఆరా, రా" అని పిలిచేవాడు. వాళ్ల భాషలో ఆరా అంటే పిల్లగాలి. అది ఎవరో విని, ఆరా అనే అమ్మాయి ఉందని ప్రోక్రిస్‌కు మోశారు. ఆమె భర్తను అడగలేదు. నిజమేమిటో చూద్దామని వెళ్లి పొదలో దాక్కుంది. పొద కదిలింది. అతను జంతువనుకుని ఈటె విసిరాడు. ఆమె కొన ఊపిరితో "ఆ ఆరాను మాత్రం నా స్థానంలోకి తేవద్దు" అని వేడుకుంటే అప్పుడు అతనికి సంగతి అర్థమైంది. ఈ కథ చదివినప్పుడల్లా నా మనసు ఆ ఈటె దగ్గర ఆగదు. అంతకు ముందు రాత్రి దగ్గర ఆగుతుంది. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద ఉన్నారు. ఆరా ఎవరు అని ఒక్క ప్రశ్న అడగడానికి రాత్రంతా ఉంది.

చలి గురించి కూడా చెప్పాలి. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. వణుకు, వేళ్లు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, చిరాకు, ఆలోచన మందగించడం. ఈ లక్షణాలు మళ్లీ వినండి. చిరాకు, ముక్తసరి మాట. భార్యాభర్తలు వీటిని చూస్తే ఏమనుకుంటారు? అలిగారనుకుంటారు. "ఏమైంది?" అంటే "ఏం కాలేదు, నన్ను వదిలెయ్" అని జవాబొస్తుంది. ఇంట్లో అయితే ఆ మాట విని కాసేపు వదిలేయడం మంచిదే కావచ్చు. చలిలో తడిసిన బట్టలతో ఉన్న మనిషి అలా అంటే వదలకూడదు, ఎందుకంటే బాగున్నానో లేదో తేల్చుకునే శక్తినే చలి ముందు లాగేసుకుంటుంది. బొటనవేలిని చిటికెన వేలికి ఆనించమనండి, జాకెట్ జిప్ వేసుకోమనండి. చెయ్యలేకపోతే వేట అక్కడితో సరి. తడి బట్టలు మార్చి, ఒంటికి వేడి తగిలేలా చూడాలి. బాగా వణుకుతున్నవాళ్లకు వణుకు ఉన్నట్టుండి ఆగిపోయి, మనిషి ఇంకా మగతగా ఉంటే అది తేరుకోవడం కాదు, పరిస్థితి ముదిరినట్టు. వెంటనే సాయం పిలవాలి.

ఇంట్లో ఎదురుచూసేవాళ్లూ వేటలో ఉన్నట్టే. "సాయంత్రానికి వచ్చేస్తా" అని వెళ్తారు. సాయంత్రం నాలుగున్నరకు జింకకు గుండు తగిలిందనుకోండి. వెంటనే వెంట పడకూడదు, అరగంటైనా ఆగాలి. పొట్టలో తగిలితే ఆరేడు గంటలైనా ఆగాల్సి రావచ్చు, లేకపోతే అది బెదిరి ఎంతో దూరం పోయి, బాధపడి చచ్చిపోతుంది. అడవిలో ఉన్నవాళ్లకు ఇదంతా మామూలు ఆలస్యం. ఇంట్లో ఉన్నవాళ్లకు ఆరు దాటిన ప్రతి నిమిషం గుండె దడే. మా ఇంట్లో ఇప్పుడు ఫ్రిజ్ మీద కాగితం ఉంటుంది. బండి ఎక్కడ ఆపుతాం, ఏ వాలు ఎక్కుతాం, ఎన్నింటికి వస్తాం, ఎన్ని దాటితే రెస్క్యూ వాళ్లకు ఫోన్ చెయ్యాలి. ఆ చివరి గడియ ఒప్పుకోవడానికి చాలామంది మొహమాటపడతారు. అది రాసి ఉంటేనే ఇంట్లోవాళ్లు అంతదాకా కాస్త నిమ్మళంగా ఉండగలరు. ఫోను సిగ్నల్ లేని చోటునుంచీ మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ కొనగలిగితే కొనండి. "లేటవుతుంది, క్షేమం" అన్న ఒక్క మెసేజ్ చాలు.

ఇంకొకటి చెప్పడానికి నాకు కొంచెం కష్టంగా ఉంటుంది. మొదటి ఏళ్లలో నేను అడవికి వెళ్లింది జింక కోసం కాదు. ఆయనతో రెండు రోజులు గడపడం కోసం. ఆయన వచ్చింది నిశ్శబ్దం కోసం. నేను మాటులో ఏదో ఒకటి మాట్లాడాలని చూసేదాన్ని, ఆయన వేలు పెదవి మీద పెట్టేవారు. నేనంటే విసుగని ఆరేళ్లు అనుకున్నాను. నన్ను సంతోషపెట్టడానికే నన్ను తీసుకొస్తున్నానని ఆయన అనుకున్నారు. "నువ్వు ఈ ట్రిప్పులో ఏం కావాలనుకుంటున్నావు?" అని ఒకరినొకరం అడగడానికి ఆరేళ్లు పట్టింది. ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు తుపాకులు ఖాళీ చేసి పక్కన పెట్టి మాట్లాడుకుంటాం. పొద్దునా సాయంత్రం ఆయన నిశ్శబ్దం ఆయనది.

ఆ పదకొండు గంటల రాత్రి తర్వాత మేం ఒక అలవాటు చేసుకున్నాం. బండి ఆపాక, తలుపులు తీయకముందు, నా ప్లాన్ ఆయన చెప్తారు, ఆయన ప్లాన్ నేను చెప్తాను. ఎవరి ప్లాన్ వాళ్లు చెప్పుకుంటే ఏం లాభం లేదని మాకు త్వరగానే తెలిసింది. మొన్నటి ట్రిప్పులో కూడా ఇంజిన్ ఆపి, లోపలి లైటు వెలుగులో ఆయన మొదలుపెట్టారు. "నువ్వు కుడి గట్టు ఎక్కి, ఎండిన చెట్టు దగ్గర కూర్చుంటావు. పది దాకా కదలవు. అయిదింటికి బండి దగ్గరికి వస్తావు."

"ఎడమ గట్టు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, కారు సీటు కింద నుంచి మ్యాప్ తీశారు.