డిసెంబరు నెల, ఇంటి లెక్క

శ్రోతలందరికీ నమస్కారం.

నవంబరు నెలాఖరుకి క్రైస్తవుల ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. సెమీ క్రిస్మస్ కూడికలు మొదలవుతాయి, రాత్రిళ్లు క్యారల్స్ బృందాలు వీధుల వెంట పాడుకుంటూ తిరుగుతాయి. సరిగ్గా ఆ వారాల్లోనే ఫోన్‌లో సేల్ ప్రకటనలు కూడా ముమ్మరమవుతాయి. కొత్త బట్టలు, కొత్త కర్టెన్లు, బాగానే పనిచేస్తున్న టీవీ బదులు ఇంకాస్త పెద్ద టీవీ.

పండక్కి కొత్త బట్టలు తప్పని నేను అనను. ఏడాదంతా కూలికి వెళ్లిన తల్లి బిడ్డకు కొత్త గౌను తొడిగి గుడికి తీసుకువెళుతుంటే, ఆ సంతోషాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నా బాధ అప్పు గురించి. ఆ అప్పు ఇంట్లో చేసే పని గురించి.

వడ్డీ లేని వాయిదాలంటూ ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని ఊరిస్తారు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టం చేసింది. రొక్కం పెట్టి కొంటే దొరికే తగ్గింపు మనకు దక్కకుండా పోతుంది, లేదంటే ప్రాసెసింగ్ ఫీజు అని కట్టించుకుంటారు. క్రెడిట్ కార్డు వాయిదాల్లోనైతే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. డిసెంబరులో కొన్నది ఈస్టరు దాటినా తీరదు. ఆ వాయిదా కోసం నాన్న ఓవర్‌టైమ్ ఒప్పుకుంటాడు, అమ్మ సాయంత్రం ట్యూషన్లు చెబుతుంది. కుటుంబ ప్రార్థన వేళకు ఒకరు ఇల్లే చేరరు, ఉన్నవాళ్లకు కళ్లు మూతలు పడుతుంటాయి. ‘నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము’ అన్న బైబిలు వాక్యం గోడ మీద ఫ్రేము కట్టి ఉంటుంది. ఆ ఇంటివారంతా ఒకచోట కూర్చునే పది నిమిషాలే కరువు.

లూకా సువార్త 12వ అధ్యాయంలో యేసు ప్రభువు, ‘ఒకని కలిమి విస్తరించుట వాని జీవమునకు మూలము కాదు’ అంటాడు. ఆ మాట ఎప్పుడు అన్నాడో గమనించండి. జనంలోంచి ఒకడు వచ్చి, ఆస్తి పంచిపెట్టమని మా అన్నదమ్ముడికి చెప్పమన్నాడు. అంటే అది ఇంటి తగాదా. దానికి జవాబుగానే, పంట పట్టక ధాన్యపు కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుడి ఉపమానం వచ్చింది. ఆ ధనవంతుడు మొదటి నుంచి చివరిదాకా తనలో తానే మాట్లాడుకుంటాడు. నా పంట, నా కొట్లు, నా ప్రాణం. భార్య ఊసు లేదు, పిల్లల ఊసు లేదు, పక్కింటివాడి ఊసు లేదు. చదివిన ప్రతిసారీ ఆ ఒంటరితనమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

1912లో కలకత్తాలో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన సంఘాల్లో చాలామంది పల్లెల్లోని నిరుపేద కూలీలు. ఆ ఇళ్లలో అమ్మ వంటకు గింజలు కొలిచి, ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ గింజలు గుడికి చేరేవి. తమకే చాలని ఇంట్లో, పూటపూటకూ, పిల్లల కళ్లెదుటే ఇవ్వడం జరిగేది. ఇప్పుడు కానుక ఫోన్‌లో స్కాన్ చేసి పంపేస్తున్నాం. పంపడం మంచిదే, కానీ పిల్లలకు అది కనబడదు. వాళ్లకు కనబడేది గుమ్మం ముందు ఆగే డెలివరీ బండి, విప్పుతున్న పార్సెల్.

‘మేం పడ్డ కష్టం మా పిల్లలు పడకూడదండీ’ అని తల్లిదండ్రులు అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. చెప్పులు లేక, చిరిగిన చొక్కాతో బడికి వెళ్లి నలుగురిలో అవమానపడ్డవాళ్లు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. మంచి బట్ట వాళ్లకు గౌరవం. ఆ గౌరవం వాళ్ల హక్కు. అయితే ఆ గౌరవాన్ని ప్రతి ఏడూ మళ్లీ కొత్తగా కొనాలని, కొనకపోతే తక్కువైపోతామని చెప్పేది దుకాణం. దేవుని స్వరూపంలో పుట్టిన మనిషికి ఆ మాట చెప్పే అధికారం దుకాణానికి ఎవరిచ్చారు?

ఈసారి కొనుగోళ్లకు ముందు ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చోండి. జీతం ఎంతో, అద్దె ఎంతో, అప్పు ఎంతో పిల్లలకు వినబడేలా చెప్పండి. పదేళ్ల పిల్లకు ఆ లెక్క అర్థమవుతుంది. ఆ తర్వాత కాగితం, పెన్ను వాళ్ల చేతికే ఇచ్చి, మీ వీధిలో ఈ పండక్కి పొయ్యి వెలగని ఇల్లు ఏదో అడగండి. మొదటి వరుసలో ఆ ఇంటి పేరు వాళ్లనే రాయనివ్వండి. టీవీ సంగతి ఆ కింద చూసుకోవచ్చు.