వేడి మీద ఉండగానే నాడి పట్టాలి: యుద్ధానికి ముందు నాటి కార్ల మరమ్మతు

అందరికీ నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన కార్ల అందం గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ఈరోజు నేను ఆ జోలికి వెళ్లను. దారి మధ్యలో ఆగిపోయిన కారు పక్కన నిలబడి బానెట్ ఎత్తాక, మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలన్నదే నా మాట. అక్కడ పొరబడితే నెలలు వృథా అవుతాయి. నాకు అలాగే అయ్యాయి.

నా దగ్గరున్నది 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ. నాలుగు సిలిండర్లు, 3.3 లీటర్ల ఇంజన్, 40 హార్స్‌పవర్. దీనికి పెట్రోలు పంపు ఉండదు. ట్యాంకు డ్యాష్‌బోర్డు దగ్గరే, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కిచ్చే కార్బురేటర్ కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది. ఇంత సాదా బండిలో లోపం ఎక్కడున్నా ఇట్టే దొరుకుతుందనుకున్నాను.

పొద్దున్నే చక్కగా స్టార్టయ్యేది. ఇరవై నిమిషాలు హాయిగా నడిచేది. తర్వాత రెండుమూడుసార్లు మిస్ కొట్టి ఆగిపోయేది. అరగంట ఆగితే మళ్లీ ఏమీ జరగనట్టు స్టార్టయ్యేది. పెట్రోలు అందక ఆగిపోతోందని తేల్చేశాను. కార్బురేటర్ విప్పి, జెట్లు ఊది, కడిగి, బిగించాను. స్టార్టయింది. రోగం కుదిరిందని సంతోషించాను. మర్నాడు మళ్లీ ఇరవై నిమిషాలకే ఆగింది. అలా మూడుసార్లు విప్పాను, మూడుసార్లూ బాగు చేశాననే నమ్మాను. అసలు సంగతి తర్వాత తట్టింది. కార్బురేటర్ విప్పి బిగించడానికి నాకు అరగంట పడుతోంది. ఆ అరగంటలో ఇంజన్ చల్లబడుతోంది. బండి స్టార్టవడానికి కారణం నా పనితనం కాదు, ఆ చల్లదనం.

ఇక ఆ తర్వాత పద్ధతి మార్చాను. స్పానర్లు, ఒక డబ్బా పక్క సీట్లో పెట్టుకుని, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని బయలుదేరాను. బండి ఆగిన క్షణంలోనే దిగాను. కార్బురేటర్ అడుగున ఉండే ప్లగ్ విప్పి డబ్బా పట్టాను. పెట్రోలు తెగకుండా, ధారగా పడింది. నిమిషం సేపు చూశాను, ధార సన్నబడలేదు. అంటే పెట్రోలుది తప్పు కాదు. ప్లగ్ బిగించి, కారిన చుక్కలు తుడిచి, డబ్బాను చాలా దూరంగా పెట్టించాను. నిప్పురవ్వ పరీక్ష చేసేచోట తెరిచిన పెట్రోలు ఉండకూడదు, ఈ మాట మాత్రం మరిచిపోకండి. తర్వాత వోల్టేజి పెంచే కాయిల్ నుంచి, దాన్ని ఒక్కో సిలిండర్‌కీ పంచే డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే లావు వైరు ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో దాని కొసను సిలిండర్ హెడ్‌కి ఆరు మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టమన్నాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు అదే పరీక్షలో టక్కుమంటూ నీలంగా దూకిన స్పార్క్, ఇప్పుడు పసుపు రంగులో, దారప్పోగులా, వస్తూ పోతూ ఉంది. జేబులో ఉన్న ఇంకో కండెన్సర్ మార్చాను. నీలం రంగు తిరిగొచ్చింది.

కండెన్సర్ అంటే బొటనవేలంత డబ్బా. డిస్ట్రిబ్యూటర్‌లో కలుస్తూ విడిపోతూ కాయిల్ కరెంటును తెంచే రెండు చిన్న లోహపు ముక్కలే పాయింట్లు. అవి విడిపోయే క్షణంలో కరెంటు ఆ సందులోంచి దూకాలని చూస్తుంది. ఆ పోటును కాసేపు తనలో దాచుకోవడమే దీని పని. అది దాచుకుంటేనే కాయిల్‌లోని అయస్కాంత శక్తి ఒక్కసారిగా కూలి, సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్‌ దగ్గర వేల వోల్టులు పుడతాయి. దీని కెపాసిటీ సాధారణంగా 0.2 నుంచి 0.3 మైక్రోఫారడ్ వరకు ఉంటుంది. లోపలి ఇన్సులేషన్ బలహీనపడితే వేడికి లీకవుతుంది, చల్లబడితే మళ్లీ మామూలైపోతుంది. అందుకే బల్ల మీద పెట్టి మీటరుతో చూస్తే అది భేషుగ్గా ఉందనిపించింది. నేను తీసేసినది కొత్తదే, బండి మొదటిసారి ఆగేనాటికి దాన్ని కొని నెల కాలేదు. కొత్త భాగం కదా అని దాన్ని అనుమానించకపోవడం నా రెండో పొరపాటు. పాయింట్లు మాడి, ఒకవైపు మొటిమ, ఇంకోవైపు గుంట కనబడితే వాటిని గీకి ఊరుకోకండి, ముందు కండెన్సర్‌ను అనుమానించండి. మోడల్ ఏలో పాయింట్ల గ్యాప్ అంగుళంలో వెయ్యో వంతులు 18 నుంచి 22 వరకు ఉండాలి.

ఇవే లక్షణాలతో ఇంకో రోగం వస్తుంది. ట్యాంకు మూతలో గాలి పీల్చే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. పెట్రోలు దిగేకొద్దీ లోపల గాలి పలచబడి, చివరికి ధార ఆగిపోతుంది. అప్పుడు అడుగు ప్లగ్ విప్పితే మొదట బాగా పడి, క్రమంగా చుక్కలవుతుంది. మూత వదులు చేయగానే బుస్సుమంటూ గాలి లోపలికి పోయి, ధార మళ్లీ అందుకుంటుంది. ధార అందుకోకపోతే ట్యాంకులోని తుప్పు పెచ్చు పైపులో అడ్డం పడిందేమో చూడాలి. ఈ తేడాలన్నీ బండి ఆగిన ఆ కాసేపట్లోనే కనిపిస్తాయి. అరగంట గడిస్తే సాక్ష్యం మాయమైపోతుంది.

ఇప్పుడు ఈ బండిలో ఉండే 6 వోల్టుల బ్యాటరీ సంగతి. కొత్తగా రంగులు వేసి, తళతళలాడేలా తయారు చేసిన కారు సెల్ఫ్ కొడితే మూలగడం చాలామంది చూసే ఉంటారు. బ్యాటరీ మారుస్తారు, సెల్ఫ్ మోటారు విప్పుతారు. నేనైతే ముందు రంగును అనుమానిస్తాను. బ్యాటరీ ఒక కొసను బండి లోహానికి కలిపే ఎర్త్ పట్టీ కూర్చునే చోట కూడా రంగు పూసి ఉంటారు. స్టార్టరు 200 యాంపియర్లు లాగుతుందనుకోండి. దారిలో 0.005 ఓమ్‌ల అడ్డు ఉన్నా చాలు, ఒక వోల్టు అక్కడే పోతుంది. 6లో ఒకటి పోతే మిగిలేది 5. అదే పనికి 12 వోల్టుల బండి సగం కరెంటే లాగుతుంది కాబట్టి అదే అడ్డుకు అర వోల్టే పోతుంది, అదీ 12లోంచి. 12 వోల్టుల బండికి సరిపోయే సన్న కేబుళ్లు ఇక్కడ పనికిరావనేది ఇందుకే. పరీక్ష తేలిక. వోల్ట్‌మీటర్ ఒక కొసను బ్యాటరీ ఎర్త్ పోస్టుకు, ఇంకో కొసను ఇంజన్ బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే, రంగు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది బిగించండి. ఒక్క మాట, మోడల్ ఏలో ఎర్త్ అయ్యేది పాజిటివ్. అలవాటు కొద్దీ తిరగేసి కలపకండి.

ఇంజన్ కాగిపోతోందంటే రేడియేటర్ మీద పడకముందు స్పార్క్ లీవరు చూడండి. స్టీరింగ్‌కి ఎడమవైపున ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు పైకి, అంటే స్పార్క్ ఆలస్యంగా వచ్చే రిటార్డ్‌లో పెడతాం. ఇంజన్ అందుకున్నాక కిందికి దించడం మరిచిపోతే మంట ఆలస్యంగా అంటుకుని, వేడంతా ఎగ్జాస్ట్‌లోకి, నీళ్లలోకి పోతుంది. బండి ముందు నుంచి హ్యాండిల్ తిప్పి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు ఇదే లీవరు దించి ఉంటే హ్యాండిల్ ఎదురు తన్ని మణికట్టు విరగొచ్చు. బొటనవేలును మిగతా వేళ్ల పక్కనే ఉంచి, హ్యాండిల్‌ను కింద నుంచి పైకి లాగండి. బ్రేకు డ్రమ్ములు తీసినప్పుడు లోపలి దుమ్మును గాలితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని శబ్దం వినడం. ఆనాటి ఇంజన్లలో చాలావాటికి ఇప్పటిలా మార్చుకునే బేరింగ్ షెల్స్ లేవు. ఐజాక్ బాబిట్ 1839లో రూపొందించిన మెత్తని తెల్లలోహాన్ని కరిగించి పోసి, కొలతకు కోసేవారు. అది అరిగితే కనెక్టింగ్ రాడ్ కొట్టుకుంటుంది. ఏ సిలిండర్‌దో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగా, చెక్క పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌ను హెడ్‌కి ఆనించి, దాని నడుమును ఒక్కో ప్లగ్‌కి తాకించాలి. ఆ సిలిండర్‌లో మంట ఆగుతుంది. మంట ఆగినప్పుడు చప్పుడు కూడా తగ్గితే అక్కడి బిగ్ ఎండ్ బేరింగే, అంటే రాడ్ కింది కొస క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టుకునే చోటే, అరిగిందని అనుమానించవచ్చు. ఏ ప్లగ్‌కి తాకించినా తేడా రాకపోతే వాల్వులను ఎత్తే ట్యాపెట్లు చూడండి. బిగ్ ఎండ్ అని తేలితే, ఆ బేరింగ్ మూత కింద ఉండే పలచని షిమ్ రేకుల్లో రెండు వైపులా ఒక్కొక్కటి తీసి, బిగించి, ఇంజన్ చేత్తో తిరుగుతోందో లేదో చూసుకోవాలి. చప్పుడు విన్నాక కూడా బండిని పరుగెత్తించవద్దని మాత్రం బతిమాలుకుంటున్నాను. ఈరోజు ఒక షిమ్‌తో పోయేది రేపు క్రాంక్‌షాఫ్ట్‌దాకా వస్తుంది.

మాటలతో చెప్పగలిగింది ఇంతే. కారు బయట నిలిపి ఉంది. మూడో సిలిండర్ బిగ్ ఎండ్ ఈమధ్యే కొంచెం వదులైంది, మీకు వినిపించాలనే ఇంకా సరిచేయలేదు. స్టార్ట్ చేసి నిమ్మళంగా నడిపిస్తాను, ఒక్కొక్కరూ వచ్చి స్క్రూడ్రైవర్ పట్టి వినండి. ఫ్యాన్‌కి ఏ అడ్డూ ఉండదు. వేలాడే బట్టలు, జుట్టు గట్టిగా ముడేసుకుని రండి.