ఏడును రెండుతో భాగిస్తే ఎంత?

శ్రోతలకు నమస్కారం.

ఏడును రెండుతో భాగించమంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఒకప్పుడు 3 అని చెప్పేది. పూర్ణసంఖ్యల భాగహారంలో శేషాన్ని వదిలేయడం దాని నియమం. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 మాత్రం 3.5 అంది. నా దృష్టిలో కొత్త నియమమే సబబు. మరి పాత నియమాన్ని నమ్ముకుని అప్పటికే రాసిన ప్రోగ్రాముల గతేమిటి?

ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాం చేత పని చేయించుకోవాలంటే దాన్ని ఏ పేరుతో పిలవాలి, ఏమివ్వాలి, తిరిగి ఏమొస్తుంది అన్న కట్టుబాటు ఉండాలి. అదే ఇంటర్‌ఫేస్. ఓపెన్ సోర్స్‌లో కోడ్‌ను ఎవరైనా, ఎవరినీ అడగకుండా తీసుకుని వాడుకోవచ్చు. ఎవరు వాడుతున్నారో రాసినవారికే తెలియనప్పుడు, కట్టుబాటు మార్చేముందు ఎవరికని చెబుతారు?

పైథాన్ 3లో ప్రింట్ అనే ఆదేశానికి బ్రాకెట్లు తప్పనిసరి అయ్యాయి. అవి లేని పాత ప్రోగ్రాం మొదట్లోనే ఆగిపోయి, తప్పు ఎక్కడుందో చూపిస్తుంది. దిద్దుకుంటే సరిపోతుంది. భాగహారం అలా కాదు. ప్రోగ్రాం ఆగదు, ఫిర్యాదు చేయదు, వేరే జవాబు ఇచ్చి ముందుకు సాగుతుంది. నేను ఎక్కువగా భయపడేది ఇలాంటి మార్పుకే.

అలాగని మార్పే వద్దనడం న్యాయం కాదు. 'అమ్మ' అన్న మాట పొడవెంత అని అడిగితే, అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో రాసిన ఆ మాటకు పైథాన్ 2 సాధారణంగా 12 అనేది. అది లెక్కపెట్టింది అక్షరాలను కాదు, వాటిని దాచే చిన్న ముక్కలైన బైట్లను. పైథాన్ 3 నాలుగు అంటుంది: అ, మ, పొల్లు, మళ్లీ మ. తెలుగుతో పనిచేసేవారికి ఇది పెద్ద మేలు. అయితే ఇన్ని మార్పులూ ఒక్కసారే మీద పడ్డాయి. పాత పైథాన్‌కు 2015లో ఆపాలనుకున్న మద్దతును 2020 జనవరి 1 వరకు పొడిగించక తప్పలేదు.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్‌ను రాసేవారిది మరో దారి. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగం, మిగతా ప్రోగ్రాములన్నీ దాని మీదే నడుస్తాయి. కెర్నల్‌లో చేసిన మార్పు వల్ల, నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం ఇవాళ ఆగితే తప్పు కెర్నల్‌దే. ఆ మార్పును వెనక్కి తీసుకుంటారు లేదా సరిదిద్దుతారు. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లను మాత్రం స్వేచ్ఛగా మారుస్తారు. మార్చినవారే, కెర్నల్‌లో దాన్ని వాడుకునే కోడ్‌నంతా సరిచేయాలి. లోపల ఎవరు వాడుతున్నారో వెతికితే కనిపిస్తుంది, బయట కనిపించదు. గీత సరిగ్గా అక్కడే గీశారు. అందుకే ఆ నియమమంటే నాకు అంత గౌరవం.

ఇప్పుడు పైథాన్‌లోనూ దేన్నైనా తీసేయాలంటే సాధారణంగా కనీసం రెండు వెర్షన్ల పాటు ముందస్తు హెచ్చరిక ఇస్తారు. కాకపోతే మనం తెచ్చుకున్న లైబ్రరీల, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ కట్టల, లోపలి నుంచి వచ్చే అలాంటి హెచ్చరికలు మామూలుగా తెరమీద కనిపించవు. విద్యార్థులు, ఉద్యోగులు, ఎవరైనా సరే, పరీక్షించేటప్పుడైనా వాటిని కనిపించేలా పెట్టుకోండి. మీరే ఒక లైబ్రరీ నడుపుతుంటే, పాత ఫంక్షన్ ఏ వెర్షన్‌లో పోతుందో, దాని బదులు ఏది వాడాలో ఆ హెచ్చరికలోనే పేరుతో సహా రాయండి.