పాలు, పెరుగు మానేస్తే కీళ్లవాపు తగ్గుతుందా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

నమస్తే అండీ. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లు వాచి నొప్పిపెట్టే జబ్బు, ఉందని తెలిసిన దగ్గర్నుంచి అందరూ చెప్పే మాట ఒకటుంది: "పాలు, పెరుగు మానెయ్యమ్మా, వాతం అదే తగ్గుతుంది." నాకూ ఈ జబ్బు ఉంది, ఈ సలహా నాకు కొత్త కాదు. అయితే ఈ వీడియోలో మానెయ్యమనీ చెప్పను, మానొద్దనీ చెప్పను. పాలు మీ ఒంటికి పడుతున్నాయో లేదో మీరే ఎలా తేల్చుకోవాలో చూపిస్తాను. మధ్యలో పల్లీలతో పెరుగు తోడుపెడదాం. చివర్లో పెరుగన్నం లేకపోతే మనలో చాలామందికి భోజనం చేసినట్టే ఉండదు కదా.

మొదలుపెట్టే ముందు ఒకటి గట్టిగా చెబుతున్నాను. ఈ జబ్బుకు ఎక్కువగా ఇచ్చే మెథోట్రెక్సేట్ మందు గానీ, డాక్టరు రాసిన ఇంకే మందు గానీ దీనికోసం ఆపొద్దు, డోసు తగ్గించొద్దు. నొప్పి పెద్దగా లేకపోయినా లోపల కీలు దెబ్బతింటూనే ఉండొచ్చు. అలా పోయిన ఎముకను ఏ తిండీ వెనక్కి తేలేదు. గర్భిణులు, పిల్లలు, బరువు తక్కువున్నవాళ్లు, స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. పాలు తాగితే దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లకు ఈ వీడియో అసలు కాదు, అది అలర్జీ.

మరి ఈ సలహాకు ఆధారం ఉందా అంటే, కొద్దిగా ఉంది. 1986లో అమెరికాలో రిచర్డ్ పానుష్ అనే డాక్టరు, ఆయన తోటి వైద్యులు కీళ్లవాపు ఉన్న ఒకావిడ కేసు ప్రచురించారు. పాలను క్యాప్సూళ్లలో పెట్టి, దేంట్లో ఏముందో ఆమెకు తెలియకుండా ఇచ్చారు. పాలు పడినప్పుడల్లా ఆమె కీళ్ల బాధ పెరిగింది. అంటే అలాంటివాళ్లు నిజంగానే ఉన్నారు, కాకపోతే తక్కువ. అమెరికాలోని కీళ్ల వైద్యుల సంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, 2022 మార్గదర్శకాలు అందరినీ పాలు మానెయ్యమనలేదు. కూరగాయలు, పప్పులు, చేపలు, ఆలివ్ నూనె ఎక్కువగా ఉండే మెడిటరేనియన్ తరహా తిండి వైపు మొగ్గాయి.

ఇంకో సంగతి. పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు అయితే అది లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, అరగకపోవడం. దానికీ కీళ్లకూ ముడిపెట్టకండి. లాక్టోజ్ లేని పాలు కొని ఈ పరీక్ష చేసినా లాభం లేదు. మనం చూసేది పాలలోని ప్రొటీన్ సంగతి, అది వాటిలోనూ ఉంటుంది.

ఇక పని. ముందు ఒక వారం ఏమీ మానకండి, రాసుకోండి అంతే. పొద్దున ఎన్నింటికి లేచారు, వేళ్ల బిగుతు ఎన్నింటికి వదిలింది, పిడికిలి పూర్తిగా మూసుకుందా, నొప్పి పదికి ఎంత, నొప్పి మాత్ర వేసుకున్నారా. చూడండి, నా నోట్‌బుక్‌లో రోజుకు ఒకటే లైను. ఇంతకంటే ఎక్కువ పెట్టుకుంటే మనం రాయం. మందు కొత్తగా మొదలుపెట్టినా, డోసు మార్చినా ఈ పరీక్ష వాయిదా వేయండి. మెథోట్రెక్సేట్ పనితనం కనబడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అది చేసిన మేలును పాలు మానడం ఖాతాలో వేసేస్తాం.

తర్వాత నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, పనీర్, చీజ్, నెయ్యి, వెన్న పూర్తిగా బంద్. నెయ్యిలో ప్రొటీన్ దాదాపు ఉండదు, నిజమే. అయినా ఈ నాలుగు వారాలూ నువ్వుల నూనెతో గడిపేయండి, లెక్క తేటగా ఉంటుంది. దొరికిపోయేది చల్ల మిరపకాయల దగ్గర! వాటిని మజ్జిగలోనే కదా ఊరబెడతాం. బిస్కెట్లు, బ్రెడ్డు ప్యాకెట్ల వెనక పాలపొడి, వే, కేసిన్ (ఈ రెండూ పాల ప్రొటీన్లే) అని ఉన్నాయేమో చూడండి. పెళ్లి భోజనాల్లో పులిహోరకు సాధారణంగా ఇబ్బంది ఉండదు, చక్రపొంగలి దగ్గర మాత్రం ఆగండి. ఈ నెలలోనే గోధుమలు, వంకాయ, టమాటా కూడా మానేయకండి. అన్నీ ఒకేసారి మానేస్తే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు పల్లీల పెరుగు. ఒక కప్పు పల్లీలు రాత్రంతా నానబెట్టాను. నీళ్లలోనే ఇలా అరచేతులతో రుద్దితే పొట్టు ఊడి పైకి తేలుతుంది, వంచేయండి. వేళ్లు నొప్పిగా ఉంటే ఈ పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి, మొహమాటం వద్దు. మూడు కప్పుల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో వడగట్టండి, ఇవే పల్లీపాలు. సన్నని మంట మీద పెట్టి అడుగంటకుండా కలుపుతూనే ఉండండి. నురగ పొంగుతుంది, పచ్చివాసన పోయి పల్లీలు ఉడికిన వాసన వస్తుంది, అప్పుడు దించేయండి. కాస్త చల్లారనివ్వండి, వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి. తోడు కోసం మామూలు పెరుగు వేస్తే మళ్లీ పాలు కలిసినట్టే కదా, అందుకని పచ్చిమిరపకాయల తొడిమలు నాలుగైదు కడిగి వేయండి. ఎనిమిది, పది గంటల్లో తోడుకుంటుంది. మొదటిసారి కాస్త పల్చగా వస్తుంది. దాంట్లోంచి ఒక చెంచా తీసి రెండోసారి తోడు వేస్తే గట్టిగా వస్తుంది. గేదె పెరుగులా మీగడ కట్టదు, ముందే చెబుతున్నాను. మజ్జిగ చేసుకుని అల్లం, కరివేపాకు, ఉప్పు వేసుకుంటే మాత్రం బాగుంటుంది.

పాలు పోయినచోట కాల్షియం కూడా పోతుంది. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నుంచి చెబుతోంది. 100 గ్రాముల రాగుల్లో 350కి పైనే ఉంటుంది. పొట్టు తీయని నువ్వులు, మునగాకు, చేపలు తినేవాళ్లకు ముల్లుతో సహా నమిలే ఎండు నెత్తళ్లు మంచివి. శాకాహారులకు బి12 విటమిన్ ఎక్కువగా పాలనుంచే వస్తుంది. పరీక్ష తర్వాత కూడా పాలు మానేయదలిస్తే బి12 మాత్ర గురించి డాక్టరును అడగండి.

నాలుగు వారాలయ్యాయి, తగ్గినట్టుంది. ఆగండి, ఇంకా తేలలేదు. ఈ జబ్బు దానంతట అదే ఎగుస్తుంది, తగ్గుతుంది. బాగా ఎగిసినప్పుడే మనం ఏదో ఒకటి మానేస్తాం, ఆ తర్వాత ఎలాగూ కొంత తగ్గేదే. అందుకే పాలు మళ్లీ మొదలుపెట్టి చూడాలి. ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే.

ఇంట్లోవాళ్ల సాయం తీసుకోండి. రోజూ పొద్దున చిక్కటి రాగిజావ, బెల్లం, యాలకులు దట్టంగా వేసి చేయమనండి. వరసగా నాలుగు రోజులు ఆవుపాలు పోసి, ఇంకో నాలుగు రోజులు పల్లీపాలు పోసి చేయాలి. మధ్యలో వారం రోజులు పల్లీపాలే. ఏది ముందో వాళ్లిష్టం, మీకు చెప్పకూడదు. వాళ్లు తేదీలు క్యాలెండర్ వెనక రాసి దాచుకుంటారు, మీరు మీ నోట్‌బుక్‌లో ఎప్పటిలాగే ఒక లైను రాస్తారు. ఇలా రెండు విడతలు చేసి, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పాలు పోసిన రోజుల్లోనే, రెండు విడతల్లోనూ బిగుతు పెరిగితే ఆ నోట్‌బుక్ పట్టుకుని మీ రుమటాలజిస్టు (కీళ్ల డాక్టరు) దగ్గరికి వెళ్లండి. పాలు లేకుండా ఎలా తినాలో ఆయనతోనో డైటీషియన్‌తోనో కూర్చుని మాట్లాడుకోవచ్చు. తేడా ఏమీ లేదంటే, ఆ పూటే గిన్నెడు గడ్డపెరుగు తెప్పించుకోండి.